దూదిపింజ అంటే ఏమిటి? – వైద్యుల మాటల్లో ఉన్ని, నూగు, పింజ



ఈసారి పాఠం ఒక చీటీతో మొదలైంది. రజాయిలు, పరుపులు కుట్టుకొని బ్రతికే ఒక పెద్దాయన కంటి పరీక్ష చేయించుకొని వచ్చి, ఆ చీటీ మా ముందు పెట్టారు. అందులో ‘కాటన్ వూల్ స్పాట్స్’ అని రాసి ఉంది. ఇంట్లో చదువుకునే మనుమడు దాన్ని ‘కంటిలో దూది మచ్చలు’ అని చదివి వినిపించాడట. “డాక్టర్ సాబ్, నలభై ఏండ్ల సంది దూది ఏకుతున్న. ఆ దూదే కంట్ల పడ్డదా? కడిగితే పోతదా?” అని అడిగారు.

ఇది నవ్వవలసిన ప్రశ్న కాదు. మనుమడు మాటకు మాట సరిగానే చెప్పాడు. కానీ మాట అర్థమైనా సంగతి అర్థం కాలేదు. వైద్యుల చీటీల్లో, ల్యాబు కాగితాల్లో, చివరకు మంచం పక్కన నర్సులు రాసే పుస్తకంలో కూడా దూది, ఉన్ని, నూగు, పింజ అనే అర్థం వచ్చే మాటలు చాలా ఉన్నాయి. అవి ఒకచోట మంచికి గుర్తు, మరొకచోట హెచ్చరిక. ఏది ఏదో తెలియక కొందరు అనవసరంగా భయపడుతున్నారు, మరికొందరు భయపడవలసిన చోట ఊరుకుంటున్నారు. గనుక ఈ నెల ఆ మాటలనే పాఠంగా తీసుకుంటున్నాము.

మన మాటలు, వారి మాటలు

మెత్తని వాటికి తెలుగులో పేర్లు తక్కువ లేవు. గొర్రె మీద నుండి కత్తిరించి తీసేది ఉన్ని. లేత ఆకు మీద, మీసం రాబోయే కుర్రవాడి పై పెదవి మీద కనిపించేది నూగు. కొబ్బరికాయను పట్టుకొని ఉండేది పీచు. ఒకచోట ముడి వేసినట్టు ఉండేది కుచ్చు. దూది ఏకినప్పుడు విడివడి గాలికి లేచే చిన్న ముక్క పింజ. మన పాతబస్తీ గల్లీల్లో ఒకప్పుడు విల్లు భుజాన వేసుకొని తిరిగే దూదేకులవారి చప్పుడు విన్నవారికి పింజ అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. వారిని పిలిచే పింజారి అనే పేరును కొందరు తిట్టుగా వాడతారు. చలికి ఊరంతటికీ రజాయి ఇచ్చిన పని అది. దానిలో తిట్టవలసినదేమీ మాకు కనబడలేదు.

లాటిన్ భాషలో ఈ పింజకే ‘ఫ్లాకస్’ అని పేరు. లెక్కలేనిదాన్ని మనం గడ్డిపోచతో సమానం అంటాము. పాతకాలపు రోమువారు అదే మాటను ‘పింజపాటి విలువ కూడా ఇవ్వను’ అనే అర్థంలో అనేవారు. అంత తేలికైన మాటను శాస్త్రజ్ఞులు తెచ్చి ఆకాశం నుండి మెదడు దాకా ఎన్నో చోట్ల పెట్టారు.

ఆకాశం అన్నాము గనుక ముందు దానిని చూద్దాము. ఫలక్ అంటే ఆకాశం. ఫలక్‌నుమాను ఆకాశపు అద్దం అని చెబుతారు. 1884లో వికారుల్ ఉమ్రా ఈ గుట్ట మీద కట్టడం మొదలుపెట్టిన ప్యాలెస్ వల్ల మన పేటకు ఆ పేరు వచ్చింది. గుట్ట దగ్గర నిలబడి చూస్తే కొన్ని రోజుల్లో చిన్న చిన్న దూది ముద్దలు చల్లినట్టు, అడుగున అంచులు చిరిగినట్టు మబ్బులు కనిపిస్తాయి. వాతావరణ శాఖవారి భాషలో అటువంటి మబ్బు పేరులో కూడా ‘ఫ్లాకస్’ అనే మాట ఉంటుంది. పైన గాలి నిలకడగా లేదని, తరువాత ఉరుముల వాన రావచ్చని వారు దాన్ని చూసి అంచనా వేస్తారు. ఆకాశంలో కూడా పింజ ఒక గుర్తే అన్నమాట.

మొక్కల శాస్త్రంలో ఈ మాటలను ఇంకా జాగ్రత్తగా విడదీశారు. రైలు పట్టాల పక్కన పెరిగే జిల్లేడు లేత ఆకును వేలితో రుద్దండి, తెల్లని నూగు పొడిలా, పింజలుగా ఊడి వస్తుంది. అలా పింజలు పింజలుగా ఉండేదాన్ని ‘ఫ్లాకోస్’ అంటారు. ఊడకుండా పరుపులా దట్టంగా అల్లుకొని ఉంటే ‘టోమెంటోస్’. ఈ రెండో మాట పుట్టిందే దిండులో కూరే దూది, ఉన్ని అనే అర్థం నుండి. ఉన్నిలా పొడవుగా ఉంటే ‘లానేట్’. మూత్రంలో రాళ్లకని చాలామంది కషాయం పెట్టుకునే కొండపిండి మొక్క శాస్త్రీయ నామంలోని ‘లానాటా’ అనే ముక్కకు ఉన్ని గలది అని అర్థం. (రాళ్లతో పాటు జ్వరం, చలి ఉంటే కషాయం కోసం వెతకవద్దు. మూత్రపిండం చెడిపోయే ప్రమాదం ఉంది, వెంటనే రండి. జిల్లేడు పాలు కంటిలో పడితే కూడా ఎక్కువ నీటితో కడుగుతూ వెంటనే రండి.)

పత్తిగింజ చుట్టూ ఉండే దూది కుచ్చును శాస్త్రజ్ఞులు ‘కోమా’ అంటారని చెబితే మా నర్సింగ్ విద్యార్థినులు నమ్మలేదు. నిజమే. అయితే అది వెంట్రుకలు అనే అర్థమున్న గ్రీకు మాట నుండి వచ్చింది. రోగి స్పృహ లేకుండా పడి ఉండే కోమా, గాఢనిద్ర అనే అర్థమున్న మరొక గ్రీకు మాట నుండి వచ్చింది. పలకడానికి ఒకటే గాని రెంటికీ చుట్టరికం లేదు.

ఈ వరుసలో తల్లులకు పనికివచ్చే మాట ఒకటి ఉంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు వీపు మీద, భుజాల మీద, నుదుట సన్నని నూగు ఉంటుంది. దానికి ‘ల్యానుగో’ అని పేరు, ఉన్ని అనే మాటే మూలం. గర్భంలో అందరికీ వస్తుంది, ఎక్కువమందికి పుట్టేలోపే రాలిపోతుంది, మిగిలినది కొద్ది వారాల్లో తనంతట పోతుంది. దానికోసం శనగపిండి ముద్దతో పసిబిడ్డ ఒళ్లు రుద్దకండి. నెలలు నిండని బిడ్డ చర్మం తడి కాగితంలాంటిది. రుద్దిన చోట పుండు పడి, చీము పట్టి తెచ్చిన బిడ్డలను మేము చూశాము.

బిందెలో కట్టే పింజ

వానాకాలంలో నీరు ఎర్రగా వస్తే పటిక ముక్క తిప్పడం మన ఇళ్లలో పాత అలవాటు. పల్లెల్లో చిల్లగింజను కుండ లోపల అరగదీసేవారు. ఎందుకు తేరుకుంటుందో చూడండి. బురదనీటిలోని మట్టి రేణువులు చాలా సన్ననివి. ప్రతి రేణువు మీద ఒకే రకమైన విద్యుదావేశం ఉండడం వల్ల ఒకదానినొకటి తోసుకుంటూ, కిందికి దిగకుండా తేలుతుంటాయి. పటికలోని అల్యూమినియం ఆ ఆవేశాన్ని చల్లార్చి, తెల్లని జిగురుగా మారి, రేణువులను కలిపి పట్టుకుంటుంది. అప్పుడు నీటిలో పింజలు కట్టి, బరువెక్కి, అడుగుకు దిగుతాయి. ఇంజనీర్లు ఆ పింజను ‘ఫ్లాక్’ అని, ఆ పనిని ‘ఫ్లాక్యులేషన్’ అని అంటారు. మొదట వేగంగా తిప్పాలి, పటిక అంతటా కలవడానికి. తరువాత నెమ్మదిగా తిప్పాలి, లేకపోతే కట్టిన పింజ విరిగిపోతుంది. మన అమ్మమ్మలకు పేరు తెలియదు గాని ఈ సంగతి చేతికి తెలుసు.

నగరానికి నీరిచ్చే కేంద్రాల్లో జరిగేదీ ఇంచుమించు ఇదే. 1908 సెప్టెంబరులో మూసీ వరద తరువాత కట్టిన రెండు జలాశయాలలో ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఎన్నో ఏళ్లపాటు హిమాయత్‌సాగర్ నీరు మన పక్కనున్న మీరాలం ఫిల్టర్ బెడ్లలో శుద్ధి అయి పాతబస్తీకి వచ్చేది.

అయితే ఒక్క విషయం మరువకండి. పటిక మట్టిని దింపుతుంది, మట్టితో పాటు కొన్ని క్రిములనూ దింపుతుంది, కానీ మిగిలిన వాటిని చంపదు. నీరు అద్దంలా కనిపించినంత మాత్రాన తాగే నీరు కాదు. తేరిన నీటిని వేరే గిన్నెలోకి వంచి, తెర్లే దాకా కాచి, ఒక నిమిషం అలాగే ఉంచాలి, లేదా క్లోరిన్ బిళ్ల వేయాలి. 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో కలుషితమైన నీరు తాగి పలువురు చనిపోయిన సంగతి మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

కలరాలో మరొక రకం పింజ కనిపిస్తుంది. విరేచనం మలంలా కాక బియ్యం కడిగిన నీళ్లలా ఉండి, అందులో చిన్న తెల్లని తునకలు తేలుతాయి. అవి పేగు నుండి వచ్చిన జిగురు. ఆ రంగు చూశారంటే తెల్లవారే దాకా ఆగకండి. ఓ.ఆర్.ఎస్. కలిపి గుక్కగుక్కగా తాగిస్తూనే బయలుదేరండి. గంటల్లో ఒంట్లో నీరంతా పోతుంది.

గర్భిణీ కార్డులో ఉన్న మాట

గర్భిణీలకు చేసే రక్తపరీక్షల్లో వి.డి.ఆర్.ఎల్. అని ఒకటి ఉంది. సిఫిలిస్ అనే సుఖవ్యాధి కోసం చేసే పరీక్ష, 1946 నుండి వాడుకలో ఉన్నది. ఇది కూడా పింజ పరీక్షే. గాజుపలక మీద రక్తపు తేటలో ఒక కొవ్వు ద్రావకం చుక్క వేసి, పలకను కొద్ది నిమిషాలు తిప్పి, సూక్ష్మదర్శినిలో చూస్తారు. రక్తంలో ఆ ప్రతిరక్షకాలు ఉంటే ద్రావకంలోని కణాలు ఒకదానికొకటి అంటుకొని పింజలు కడతాయి. అప్పుడు ‘రియాక్టివ్’ అని రాస్తారు. లేకపోతే కణాలు విడివిడిగానే ఉంటాయి.

ఈ ఒక్క మాట వల్ల ఇళ్లలో జరిగిన గొడవలు మాకు తెలుసు. కాగితం చేతికి రాగానే అత్తగారు కోడలిని, కోడలు భర్తను నిలదీస్తారు. దయచేసి వినండి. ఈ పరీక్ష మొదటి జల్లెడ మాత్రమే. మలేరియా, కుష్ఠు, కొన్ని కీళ్ల జబ్బులు, ఒక్కోసారి గర్భం కూడా ఆ పింజ కట్టించగలవు. టి.పి.హెచ్.ఎ. వంటి రెండో పరీక్ష చేసి గాని నిర్ధారించరు. ఒకవేళ నిజంగానే ఉన్నా, సమయానికి ఇచ్చే పెన్సిలిన్ ఇంజెక్షన్ తల్లికి నయం చేసి బిడ్డను కాపాడుతుంది. చికిత్స లేకపోతే బిడ్డ గర్భంలోనే చనిపోవచ్చు, లేక జబ్బుతో పుట్టవచ్చు. కాగితం చూసి కోపంతో పుట్టింటికి పంపిన కోడలికి ఆ ఇంజెక్షన్ ఎవరు ఇప్పిస్తారు? భర్తను వెంటబెట్టుకొని ఇద్దరూ కలిసి రండి. మాట బయటికి పోదు.

కంటిలో దూది

ఇక మన రజాయి పెద్దాయన సంగతి. ఆయన కంటిలో దూది ఏమీ లేదు. కంటి వెనుక గోడకు అతుక్కొని రెటీనా అనే పలుచని పొర ఉంటుంది. దానిలోని సన్నని రక్తనాళం మూసుకుపోతే, అది పోషించే చోట నరపు పోగులు ఉబ్బి, తెల్లగా, అంచులు మసకబారినట్టు కనిపిస్తాయి. లోపలికి దీపం వేసి చూసే వైద్యునికి అది అచ్చం దూది ముక్క అంటించినట్టు ఉంటుంది. అందుకే ఆ పేరు. చూపుకు ఉన్న పోలికే తప్ప, అక్కడ ఉన్న వస్తువు పేరు కాదు.

ఆ మచ్చ తరచు నొప్పి పెట్టదు, చూపూ తగ్గించదు. కొన్ని వారాల్లో, నెలల్లో దానంతట అదే మాసిపోతుంది కూడా. అదే మోసం. మచ్చ పోతుంది గాని దాన్ని పుట్టించిన కారణం పోదు. ఎక్కువగా ఆ కారణం బి.పి. లేదా షుగర్. కంటిలో నాళం మూసుకుపోయిందంటే మూత్రపిండాల్లో, గుండెలో, మెదడులో ఉన్న సన్నని నాళాల పరిస్థితి ఏమిటని అడగాలి. శరీరాన్ని కోయకుండా రక్తనాళాలను నేరుగా చూడగలిగే కిటికీ కన్ను ఒక్కటే.

పెద్దాయనకు అప్పటిదాకా బి.పి. చూపించుకున్న గుర్తు లేదు. ఆ రోజు చూస్తే పై అంకె 190 దాటింది. తలనొప్పి కూడా లేదన్నారు. మందు మొదలుపెట్టాము. ఇప్పుడు నెలనెలా వస్తున్నారు. దూది ధూళి ఆయన కంటికి చేయని హాని ఊపిరికి చేసిందేమోనని కూడా చూశాము. సెలవు తరువాత పని మొదలుపెట్టిన మొదటి రోజున ఛాతీ బిగపట్టినట్టు ఉండడం దూది పనివారిలో కనిపించే జబ్బుకు గుర్తు. ఏకే చోట ముక్కుకు గట్టిగా గుడ్డ కట్టుకోవడం, గాలి ఆడే చోట పని చేయడం మంచిది.

షుగర్ ఉన్నవారు, చూపు బాగున్నా సరే, ఏడాదికి ఒకసారి కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేయించుకొని లోపలి పొర చూపించుకోవాలి. మన దగ్గర వీలు కానప్పుడు మెహదీపట్నంలోని సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రికి పంపుతున్నాము. చుక్కలు వేశాక కొన్ని గంటలు మసకగా ఉంటుంది, బండి నడపకుండా ఒకరిని తోడు తెచ్చుకోండి.

బూజు గురించి రెండు మాటలు. 2021లో కరోనా రెండో అలలో ‘బ్లాక్ ఫంగస్’ అన్న పేరు విని అందరూ హడలిపోయారు. కోఠి ఇ.ఎన్.టి. ఆసుపత్రి ఆ రోగులతో నిండిపోయింది. ఆ బూజును ల్యాబు గిన్నెలో పెంచితే నల్లగా ఉండదు. మొదట తెల్లగా, తరువాత బూడిద రంగులో, మన పిల్లలు కొనుక్కునే బుడ్ఢీ కే బాల్ మిఠాయిలా ఉబ్బి, కొద్ది రోజుల్లో మూతను తాకుతుంది. నలుపు బూజుది కాదు, అది నాళాలను మూసివేయగా చచ్చిన కండది. షుగర్ అదుపులో లేనివారికి ముఖం ఒకవైపు నొప్పి, వాపు, ముక్కు నుండి నల్లని స్రావం కనిపిస్తే ఈనాటికీ అదే తొందర అవసరం.

దుప్పటి మీద పింజలు ఏరడం

ఇంతవరకు చెప్పినవన్నీ ల్యాబులో, గిన్నెలో, పరికరాలతో కనిపించేవి. ఇప్పుడు చెప్పబోయేది మంచం పక్కన కూర్చున్న ఎవరైనా చూడగలిగినది. ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైనది కూడా ఇదే.

జబ్బుగా ఉన్న మనిషి, ముఖ్యంగా పెద్ద వయసువారు, కళ్లు సగం మూసుకొని, వేళ్లతో దుప్పటిని పీకుతూ, లేని నూగును ఏరుతున్నట్టు, గాలిలో ఏదో పట్టుకుంటున్నట్టు చేస్తుంటారు. దీనికి వైద్యంలో ‘ఫ్లాక్సిలేషన్’ అని పేరు. పింజలు ఏరడం అని అర్థం. గ్రీకువారు గడ్డిపరకలు ఏరడం అనే అర్థం వచ్చే ‘కార్ఫాలజీ’ అనే మాట కూడా వాడారు. రెండు వేల నాలుగు వందల ఏళ్ల కిందటి హిప్పోక్రేట్స్ పేరిట ఉన్న గ్రంథంలోనే ఈ గుర్తు ఉంది. తీవ్రమైన జ్వరంలో ఇలా చేయడం చావుకు దారి అని అక్కడ రాశారు. మన ఇళ్లలో పెద్దలు కూడా సరిగ్గా అదే అంటారు. “దుప్పటి పీకుతున్నడు, ఇగ ఎక్కువ సేపు లేదు” అని బంధువులకు ఫోన్లు చేస్తారు.

కానీ అదే పుస్తకాలు చదివి పెరిగిన మరొక గ్రీకు వైద్యుడు గేలెన్ తన సొంత అనుభవం రాసి పెట్టాడు. ఆయన రెండో శతాబ్దపువాడు. కుర్రతనంలో ఒక వేసవిలో తీవ్రమైన జ్వరం వచ్చి పడుకొని ఉండగా, పడక మీద నల్లని గడ్డిపరకలు, బట్టల మీద పింజలు కనిపించి, వాటిని తీసివేయబోయాడట. ఎంత వెతికినా వేలికి ఏమీ చిక్కలేదు. పక్కనున్న ఇద్దరు స్నేహితులు, ఇతడు అప్పుడే పింజలు ఏరుతున్నాడు అని తమలో తాము అనుకోవడం ఆయన చెవిన పడింది. తనకు ఏమవుతున్నదో అర్థమై, వారినే సహాయం చేయమని అడిగాడు. వారు చేశారు. ఆయన బ్రతికి, ముసలివాడయ్యే దాకా పుస్తకాలు రాశాడు.

ఈ రోజుల్లో ఆ స్థితిని ‘డెలీరియం’ అంటాము. ఇది పిచ్చి కాదు, ముసలితనపు మతిమరుపు కాదు. మతిమరుపు నెలలు, సంవత్సరాల మీద వస్తుంది. ఇది గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో వస్తుంది. ఉదయం బాగుండి సాయంత్రానికి ముదురుతుంది. మనిషి మాట మీద ధ్యాస నిలపలేరు. కొందరు కేకలు వేస్తారు. కొందరు మాత్రం నోరెత్తకుండా పడుకొని వేళ్లు ఆడిస్తుంటారు, వీరినే మనం ఎక్కువగా గమనించకుండా వదిలేస్తాము. కారణం చాలాసార్లు మెదడులో కాక బయట ఉంటుంది. మూత్రంలో చీము, న్యుమోనియా, టైఫాయిడ్, షుగర్ పడిపోవడం, రక్తంలో ఉప్పు తగ్గడం, ఒంట్లో నీరు చాలకపోవడం, మూత్రం బిగుసుకోవడం, కొత్తగా వేసిన నిద్రమాత్ర. రోజూ తాగే సారా గాని, మత్తుమందు కలిపిన కల్లు గాని ఒక్కసారిగా ఆగిపోయినా ఇలాగే అవుతుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దుకాణాలు మూసినప్పుడు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి అటువంటివారు వరుస కట్టారు. వీటిలో చాలా వాటికి మందు ఉంది. నిజంగానే అంత్యదశ అయిన రోగులూ ఉంటారు, అది దాచము. కానీ పరీక్ష చేయకముందు వేళ్లను చూసి ఎవరూ ఆ మాట చెప్పలేరు, మేము కూడా చెప్పలేము.

మా పొరపాటు ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. మూత్రంలో చీముతో ఒక అవ్వను చేర్చుకున్నాము. షుగర్ కూడా ఉంది. వయసులో ఉండగా ఆమె కూడా బొంతలు, రజాయిలు కుట్టిన మనిషే. మూడో రోజు మధ్యాహ్నం నుండి ఉన్ని దుప్పటి మీద వేళ్లు ఆడిస్తూ, ఏదో గిల్లి పక్కన పడేస్తూ ఉంది. కుట్టుపని చేసిన చేతులు గదా, అలవాటు అనుకున్నాము. చూసిన వారందరం అదే అనుకున్నాము. పుస్తకంలో ‘రోగి ప్రశాంతంగా ఉంది’ అని రాశాము.

సాయంత్రానికి కొడుకు వచ్చి చూసి, ఏడుస్తూ కౌంటరు దగ్గరికి వచ్చాడు. “సిస్టరమ్మా, మా అమ్మను ఇంటికి తీస్కపోతం. ఆఖరి ఘడియ ఇంట్లనే కావాలె” అన్నాడు. ఆటో కూడా మాట్లాడుకున్నారు. ప్రార్థన కోసం అయ్యగారికి కబురు వెళ్లింది. మనుమరాలు మాత్రం, పదో తరగతి పిల్ల, “సిస్టర్, అవ్వ నిన్న గిట్ల చెయ్యలే. పొద్దుగాల కూడా చెయ్యలే” అన్నది. ఆ ఒక్క మాట మీద రాత్రి డ్యూటీ సిస్టరు వేలికి సూది గుచ్చి షుగర్ చూసింది. 46 ఉంది. అన్నం సహించక రెండు పూటలుగా సరిగా తినలేదు, షుగర్ మాత్ర మాత్రం వేళకు వేస్తూనే ఉన్నాము. నరంలోకి గ్లూకోజు ఎక్కించాము. ఆ రకం మాత్ర ప్రభావం చాలాసేపు ఉంటుంది గనుక తెల్లవారే దాకా గంట గంటకు చూస్తూ కూర్చున్నాము. అయ్యగారు వచ్చేసరికి అవ్వ లేచి కూర్చొని టీ అడుగుతున్నది.

గనుక మీ ఇంటిలో గాని, మా వార్డులో గాని ఇది చూస్తే, ఎప్పటి నుండి చేస్తున్నారో, నిన్న ఎలా ఉన్నారో సిస్టరుకు చెప్పండి. మీకంటే బాగా ఆ మనిషి మాకు తెలియదు. ఆర్.ఎం.పి. గారు ఇచ్చినవి, దుకాణంలో అడిగి తెచ్చుకున్నవి సహా మందుల అట్టలన్నీ సంచిలో వేసి తీసుకురండి. షుగర్ మాత్రలు లేదా ఇన్సులిన్ వాడేవారైతే, మెలకువగా ఉండి మింగగలిగితే, మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి బయలుదేరండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చేతులు కట్టవద్దు. “ఏముంది అక్కడ, ఏమీ లేదు” అని వాదించవద్దు. కళ్లజోడు, చెవి మిషను ఉంటే పెట్టండి. పగలు కిటికీ తెరవండి, రాత్రి దీపం తగ్గించండి. పది మంది చుట్టూ మూగడం కన్నా, వారికి బాగా అలవాటైన ఒక్కరు పక్కన కూర్చొని పేరు పెట్టి పిలుస్తూ, ఏ ఊరిలో ఉన్నారో, ఏ పూటో మెల్లగా చెబుతూ ఉంటే మేలు. కారణం దొరికి మందు పడినా పూర్తిగా తేరుకోవడానికి కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు పట్టవచ్చు, ఓపిక పట్టండి.

అవ్వ అయిదో రోజున ఇంటికి వెళ్లింది. వెళ్లే ముందు, ఆ రోజు దుప్పటి మీద ఏమి కనిపించిందని అడిగాము. దుప్పటి నిండా తెల్లటి పింజలు, ఎన్ని తీసినా ఒడవలేదని చెప్పింది. తరువాత ఆ దుప్పటి అంచు పట్టుకొని వెలుతురుకు చూసి, “ఇది ఎవరు కుట్టిన్రమ్మా, పోగులన్నీ లేస్తున్నయి” అని మమ్మల్ని కోప్పడింది. చూస్తే నిజమే, అంచంతా ఊడిపోయి ఉంది.